కాలవకి నీళ్ళొచ్చేలోపు కుక్కపిల్లకి పిలిస్తే రావడం నేర్పాలి, కరవడం మాన్పించాలి. సాయం చెయ్యండి

కాలవగట్టు ఇల్లు (రాజోలు దగ్గర)
మే రెండో వారం, ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారమండి. మా ఇల్లు కాలవగట్టు మీదే. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే రేవు మెట్లు. మా ఆడపడుచు వాళ్ళ ఊళ్ళో ఒక నాటు కుక్క ఈనింది. పిల్లలకి ఐదు వారాలు నిండేసరికి తల్లి లారీ కింద పడి పోయింది. అందులో ఒక ఆడపిల్లని నెల కిందట మేం తెచ్చుకున్నాం. తెల్లగా, మెత్తగా ఉందని మా పాప జున్ను అని పేరు పెట్టింది. ఇప్పుడు దానికి తొమ్మిది వారాలు.

రెండు కష్టాలండి. పిలిస్తే రాదు. పైగా కరుస్తోంది. పాపకి ఆరేళ్ళు. పరికిణీ అంచు పట్టుకుని వేలాడుతుంది, మడమలు పట్టుకుంటుంది, ఆడుతూ ఆడుతూ చెయ్యి నోట్లోకి తీసుకుని నొక్కేస్తుంది. పళ్ళు సూదులే. మొన్న పాప ముంజేతి మీద గీరుకుని రక్తం కూడా వచ్చింది. పసుపు పెట్టాను.

నా అసలు భయం కాలవ. ఇప్పుడు కాలవలకి నీళ్ళు ఆపేశారు కాబట్టి అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలితే ఆ వడికి ఇంత పిల్ల ఆగుతుందా? నిన్న సాయంత్రం గేటు తీసి ఉండగా తుర్రున కాలవలోకి దిగిపోయింది. ఎవరిదో పాత చెప్పు నోట కరుచుకుంది. నేను "జున్నూ రా, జున్నూ ఇలా రా" అంటూ మెట్లు దిగాను. నన్ను చూసి ఆగింది, తోక ఊపింది. నేను రెండడుగులు వేసేసరికి అవతలి ఒడ్డున ఉంది. పావుగంట తిప్పింది. దొరికాక ఆ భయంలో, కోపంలో వీపు మీద ఒకటి వేశాను. పొద్దున్నుంచి నేను చెయ్యి చాస్తే వెనక్కి వెనక్కి పోతోంది. అది చూస్తే కడుపులో దేవినట్టుంది. ఏం చెయ్యమంటారు?

తెల్లకోటు (భీమవరం)
ఆదివారం రాత్రి

అమ్మా, మిగతావన్నీ తర్వాత. పాప చేతికి రక్తం వచ్చిందన్నారు. కుక్కపిల్ల అయినా, ఇంట్లోదే అయినా, పళ్ళ వల్ల చర్మం తెగితే ఆ చోటు సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. రేపు పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. రేబిస్ టీకా అక్కడ ఉచితంగానే వేస్తారు. ఏయే రోజుల్లో వెయ్యాలో వాళ్ళే రాసిస్తారు, ఒక్క డోసు కూడా తప్పించకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఎవరూ చెయ్యగలిగింది దాదాపు ఏమీ ఉండదు. పిల్లకుక్కల వల్ల రాదనుకోవడం పొరపాటు. దాని తల్లికి టీకా వేశారో లేదో మీకు తెలియదు కదా. పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

జున్నుకి కూడా టీకాలు మొదలుపెట్టారా? పార్వో, డిస్టెంపర్ అనే జబ్బులకి కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా. నులిపురుగుల మందు కూడా అడగండి.

దొడ్డిగుమ్మం (పాలకొల్లు)
సోమవారం పొద్దున్న

చెల్లెమ్మా, ముందు డాక్టరుగారు చెప్పింది చెయ్యి. తర్వాత నాకో సంగతి చెప్పు. రోజుకి జున్నుని ఎన్నిసార్లు పిలుస్తున్నారు, అది వచ్చాక ఏం చేస్తున్నారు? ఒక్కరోజు కాగితం మీద గీతలు పెట్టి చూడు.

నువ్వు కొట్టింది కాలవలోకి దిగినందుకు. దాని లెక్క వేరు. అమ్మ చేతికి దొరికాను, దెబ్బ పడింది. దానికి తెలిసింది అంతే. కుక్కలకి పావుగంట కిందటి తప్పు గుర్తుచేసి శిక్ష వెయ్యడం కుదరదు. ఆ క్షణంలో ఏం చేస్తూ ఉన్నాయో దానికే దెబ్బని ముడిపెట్టుకుంటాయి.

ఇంకెప్పుడూ వెంటపడకు. నువ్వు వెనకాల వస్తుంటే దానికది ఆట, పైగా నాలుగు కాళ్ళతో గెలిచేది అదే. వెనక్కి తిరిగి చప్పట్లు కొడుతూ ఇంటివైపు పరిగెత్తు. పిల్ల కుక్కలు కదిలేదాని వెనక పడతాయి. అలా కాకపోతే అక్కడే గొంతుక్కూచుని నేల మీద ఏదో దొరికినట్టు వేళ్ళతో కెలుకు. ఏముందోనని వస్తుంది.

కాలవగట్టు ఇల్లు
మంగళవారం రాత్రి

అన్నయ్యగారూ, పాపకి మొదటి ఇంజెక్షను నిన్ననే చేయించామండి. జున్నుకి కూడా టీకా వేయించాం. డాక్టరుగారికి నా దండాలు.

గీతలు పెట్టానండి. ఒక్క రోజులో ఇంట్లో నలుగురం కలిసి జున్నుని 31 సార్లు పిలిచాం. అన్నానికి పిలిచింది రెండుసార్లు. మిగతావన్నీ చెప్పు వదలమని, వంటింట్లోంచి పొమ్మని, గొలుసు వెయ్యడానికి, నీళ్ళు పొయ్యడానికి. రాత్రి ఆ కాగితం చూసుకుంటే, దాని చోట నేనున్నా రాను అనిపించింది.

వరిచేను (మండపేట)
మంగళవారం రాత్రి

మీ కాగితం గురించి చదివాక నాకు మా ఎర్రోడు గుర్తొచ్చాడండి. పొలం దగ్గర మకాంలో ఉండేవాడు. రోజూ సాయంత్రం పిలిచి కట్టేసేవాళ్ళం. పిలుపంటే గొలుసని వాడికి తెలిసిపోయింది. పిలిస్తే రోడ్డుకి అవతల నిలబడి చూసేవాడు. ఒక దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు అలాగే పిలుస్తున్నాను, వాడు వెనక్కి జరుగుతున్నాడు, ధాన్యం ట్రాక్టరు వచ్చింది. వాడిని నేనే పిలిచి ట్రాక్టరు కిందకి తోసినట్టయింది. ఆరేళ్ళయినా ఆ మలుపు దగ్గర బండి నెమ్మది చేస్తాను.

కోతలయ్యాక మా చేలల్లోకి బాతుల మందలొస్తాయి. వందల బాతులు కోసిన మళ్ళన్నీ పరుచుకుని మేస్తాయి. సాయంత్రం కాపరి గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తాడు. అన్నీ బారుగా వచ్చేస్తాయి. ఆ కేక వెనక గింజలు పడని రోజు ఉండదు. నేను మా ఎర్రోడికి అలాంటి పిలుపు ఒక్కటి కూడా ఇవ్వలేదు.

పాత మేస్టారు (అమలాపురం)
బుధవారం పొద్దున్న

అమ్మాయ్, ఇంకో చిక్కుంది. మన ఇళ్ళలో "రా" అనే మాట ఎవరిని అనం? పాపని రా అంటాం, పాలవాణ్ణి రమ్మంటాం, ఫోనులో "ఎప్పుడొస్తావ్ రా" అంటాం, "ఏరా, ఏంట్రా" సరేసరి. రోజంతా చెవిన పడే ఆ మాట తనకోసమని దానికెలా తెలుస్తుంది? పేరూ అంతే. తిట్టేటప్పుడు జున్నూ, ముద్దుచేసేటప్పుడు జున్నూ.

ఇంట్లో ఎవరూ దేనికీ వాడని మాట ఒకటి ఎంచుకోండి. నోరు తెరిచి గట్టిగా సాగదీయడానికి వీలుండాలి, చేను అవతలికి వినపడాలి. ఆ మాట ఒక్కసారే అనాలి. పదిసార్లు అంటే పదోసారికి వస్తే చాలని అది నేర్చుకుంటుంది. ఆ మాట తిట్టడానికి, కట్టెయ్యడానికి, నీళ్ళు పొయ్యడానికి వాడొద్దు. వాటికి మీరే వెళ్ళి ఎత్తుకు రండి.

ఏటిమొగ (సఖినేటిపల్లి)
బుధవారం మధ్యాహ్నం

ఇంత ఆలోచన అక్కర్లేదండి. మా రొయ్యల చెరువు గట్టు మీద నాలుగు కుక్కలున్నాయి. చిన్నప్పుడు కరవడానికొస్తే మూతి బిగించి పట్టుకుని ముక్కు మీద ఒక్కటిచ్చాం. మళ్ళీ మనిషి మీద నోరు పెట్టలేదు.

తెల్లకోటు
బుధవారం సాయంత్రం

తమ్ముడూ, నీ అనుభవాన్ని కాదనను. కానీ దెబ్బ తిన్న కుక్క నేర్చుకునేది నెమ్మదిగా కరవడం కాదు, చెయ్యి అంటే భయం. కొన్ని గుర్రుమనడం మానేస్తాయి. గుర్రుమనడం మనకి హెచ్చరిక. అది పోతే నేరుగా కరుపే. ఆసుపత్రికి వచ్చేవాటిలో చెయ్యి ఎత్తగానే నక్కి, పట్టుకోబోతే కరిచేవి నేను ఎన్నో చూశాను.

జున్ను సంగతి వేరే ఉంది. పిల్లలు తల్లి దగ్గర, తోటి పిల్లల మధ్య ఎనిమిది వారాలు పెరగాలి. ఒకదాన్నొకటి గట్టిగా కరిస్తే రెండోది కుయ్‌మని ఆట మానేస్తుంది. కరిస్తే ఆట పోతుందని అక్కడ తెలుస్తుంది. ఐదు వారాలకే విడిపోయిన దీనికి ఆ బడి సగంలో ఆగిపోయింది. మిగతా సగం మీరు చెప్పాలి.

కరవగానే చెయ్యి లాక్కోకండి, లాగితే వేటలా వెంటపడుతుంది. చెయ్యి అలాగే బిగబట్టి, నోరు వదలగానే లేచి వెళ్ళిపోండి. మాట వద్దు, చూపు వద్దు. తలుపు అవతల అరనిమిషం ఉండి తిరిగి రండి. మళ్ళీ కరిస్తే మళ్ళీ అంతే. కొందరు "అయ్యో" అని గట్టిగా అరవమంటారు. కొన్ని ఆగుతాయి, కొన్ని ఇంకా రెచ్చిపోతాయి. దీని తీరు చూసి తేల్చుకోండి.

ఒక విషయం చాలామంది గమనించరు. ఈ వయసు పిల్ల రోజుకి పద్ధెనిమిది, ఇరవై గంటలు నిద్రపోవాలి. సాయంత్రం అయ్యేసరికి పిచ్చిపట్టినట్టు తిరుగుతూ కరుస్తుంటే దానికి నిద్ర చాలలేదని అర్థం, మన పసిపిల్లలు నిద్రకి ముందు పేచీ పెట్టినట్టే. చీకటిగా, చల్లగా ఉన్నచోట పడుకోబెట్టండి.

కాలవగట్టు ఇల్లు
గురువారం రాత్రి

మాట దొరికిందండి. మా అత్తయ్యగారు ఇచ్చారు. పాపని చిన్నప్పుడు ఆవిడ ఏదైనా చేతిలో పెట్టడానికి "తాయిలం" అని పిలిచేవారు. ఇప్పుడెవరూ అనట్లేదు. "తా" దగ్గర ఎంతసేపైనా సాగుతుంది.

నిన్నటి నుంచి మొదలుపెట్టాం. కోడికార్జం ఉప్పు లేకుండా ఉడకబెట్టి, మినపగింజంత ముక్కలు చేసి చిన్న డబ్బాలో పెట్టాను. అది నా పక్కనే ఉండగా "తాయిలం" అని ఒక ముక్క. అంతే. రాకముందే ఇవ్వడమేంటని మావారు అడిగారు. ముందు మాటకి రుచి పట్టాలి కదండీ. రోజుకి పది పన్నెండు సార్లు, ఒక్కోసారి ఒక్క నిమిషం. ఈ సాయంత్రం అది వసారాలో చీమల్ని చూస్తూ ఉంది. మూడడుగుల అవతల నుంచి అన్నాను. చెవులు రెండూ లేచాయి. తల తిప్పేలోపే కాళ్ళు తిరిగాయి. బోర్లా పడబోయి లేచి వచ్చింది. మా అత్తయ్యగారు చప్పట్లు కొట్టారు.

కరవడం మాత్రం ఇంకా అలాగే ఉంది. పాప పరుగు ఆపదు, అది వదలదు.

దొడ్డిగుమ్మం
శుక్రవారం పొద్దున్న

చాలా బాగా మొదలైంది చెల్లెమ్మా. ఇక ఇద్దరు కూచోండి, నువ్వు వసారాలో, అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో. ఒకరి తర్వాత ఒకరు పిలిచి ముక్క ఇవ్వండి. వచ్చినప్పుడల్లా ఒక చేత్తో మెడపట్టీ మెల్లగా పట్టుకుని, రెండో చేత్తో ముక్క పెట్టి, వెంటనే వదిలెయ్యండి. పట్టీ మీద చెయ్యి పడితే ఆట అయిపోయిందనుకునే కుక్క అందేంత దూరంలో ఆగి నిలబడుతుంది. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు మళ్ళీ ఆటకి వదలాలి.

తర్వాత పెరట్లోకి. అక్కడికి పొడవైన తాడు కావాలి. కొబ్బరితాడు వద్దు, అది లాగితే నీ అరిచేయి ఒరుసుకుపోతుంది, పీచు దాని కాళ్ళకి గుచ్చుకుంటుంది. పాత మంచం నవారు విప్పితే పది మీటర్లు దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది. మెడకి కాకుండా ఛాతీకి వేసే పట్టీకి కట్టు. నవారుతో లాగొద్దు. అది నేల మీద ఈడ్చుకుపోతూ ఉండాలి, పారిపోతే నువ్వు తొక్కిపట్టడానికి మాత్రమే. మధ్యాహ్నం ఎండలో ఏమీ నేర్పకు. పొద్దున్న ఏడులోపు, సాయంత్రం ఆరు తర్వాత.

వస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఆ మాట అనకు. కోడిపెట్ట వెనకాల పరిగెడుతున్నప్పుడు అంటే ఆ మాట వినకపోయినా ఫరవాలేదని నువ్వే నేర్పినట్టు.

పాపకి ఒక ఆట చెప్పు. జున్ను పరికిణీ పట్టుకోగానే కొబ్బరిచెట్టు అయిపోవాలి. చేతులు మడుచుకుని, కదలకుండా, పైకి చూస్తూ. కదలని చెట్టుతో ఆడటానికేముంది, వదిలేస్తుంది. వదలగానే పెద్దవాళ్ళెవరైనా గుడ్డబొమ్మ దూరంగా విసరాలి. పెద్దవాళ్ళు లేకుండా ఆ ఇద్దరినీ ఒంటరిగా వదలొద్దు, ఇది మాత్రం తప్పనిసరి.

హైదరాబాద్‌లో కోనసీమ
శుక్రవారం

అక్కా, కొరకడానికి మా అమ్మ కొబ్బరి డొక్క ఇచ్చేది మా కుక్కకి. ఊళ్ళో ఊరికే దొరుకుతాయి కదా, ఇవ్వచ్చా?

తెల్లకోటు
శుక్రవారం

వద్దమ్మా. పీచు మింగితే పేగుల్లో ఉండకట్టి ఇరుక్కుంటుంది. ఇప్పుడు మామిడికాయల రోజులు, టెంకలు ఇంకా ప్రమాదం. నున్నగా జారి గొంతు దాటుతుంది, పేగులో అడ్డం పడుతుంది. ఆపరేషను తప్ప దారి ఉండదు. ఉడికిన కోడిఎముకలు కూడా చీలి గుచ్చుకుంటాయి. పాత తువ్వాలు తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి, దగ్గర ఉండి చూసుకోండి. చిగుళ్ళకి హాయిగా ఉంటుంది. పచ్చి క్యారెట్ ముక్క కూడా మంచిదే.

పాలపళ్ళు ఇరవై ఎనిమిది. నాలుగో నెలలో ఊడటం మొదలై, ఆరేడు నెలలకి నలభై రెండు గట్టిపళ్ళు వస్తాయి. ఆ మధ్యకాలంలో కొరకడం మళ్ళీ పెరుగుతుంది. నేర్పింది పోయిందని అప్పుడు దిగులుపడకండి.

కాలవగట్టు ఇల్లు
మే ఆఖరి వారం

కొబ్బరిచెట్టు ఆట పాపకి తెగ నచ్చిందండి. మొదటి మూడు రోజులు నవ్వు ఆపుకోలేక ఊగిపోయేది, చెట్టు కదిలితే జున్ను ఇంకా పట్టుకునేది. నాలుగో రోజు నిజంగా నిలబడింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. జున్ను అంచు పట్టి రెండుసార్లు గుంజింది. పైకి చూసింది. మళ్ళీ గుంజింది. వదిలేసి కూచుంది. పాప కళ్ళు మాత్రం తిప్పి నన్ను చూసింది, మెడ తిప్పలేదు. నేను గుడ్డముడి విసిరాను. అప్పటినుంచి మడమలు పట్టడం సగానికి తగ్గింది. చేతులు నోట్లో పెట్టుకుంటుంది గానీ మునుపటిలా నొక్కట్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పడమటింటి గదిలో రెండున్నర గంటలు పడుకోబెడుతున్నాం, సాయంత్రం పిచ్చి పరుగులు తగ్గాయి.

మా మామగారు మాత్రం మొన్న "తాయిలం" అని పిలిచి నీళ్ళు పోసేశారు. మర్నాడు ఆ మాటకి అది మంచం కిందకి దూరింది. రెండు రోజులు మళ్ళీ మొదటినుంచి, పక్కన కూచోబెట్టుకుని. మామగారికి పాపే చెప్పింది, "తాతయ్యా, అది తినే మాట, స్నానం మాట కాదు" అని.

ఏటిమొగ
మే ఆఖరి వారం

అక్కా, నేను ముందు రాసింది తీసెయ్యను గానీ ఒకటి చెప్పాలి. మా నాలుగింటిలో పెద్దదానికి పోయిన నెల దవడ కింద పుండు పడింది. మూతి దగ్గరకి ఎవరినీ రానివ్వలేదు. చిన్నప్పుడు మూతి పట్టుకుని కొట్టింది నేనే. మందు రాయడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది, అది వణికిపోయింది. డాక్టరుగారు రాసింది చదివాక రోజూ దాని గవదల మీద వేలు పెట్టి ఒక ఉడికిన రొయ్య పెడుతున్నాను. వేలు పెట్టనిస్తోంది ఇప్పుడు. ఇంకా అరచెయ్యి పెట్టనివ్వలేదు.

తెల్లకోటు
మే ఆఖరి వారం

తమ్ముడూ, అదే దారి. తొందరపెట్టకు. చెయ్యి ముందు, రొయ్య తర్వాత. ఆ వరస తప్పొద్దు.

కాలవగట్టు ఇల్లు
జూన్ రెండో వారం, రాత్రి

కాలవకి నీళ్ళొచ్చాయండి. మొదట గడ్డీ చెత్తా తోసుకుంటూ ఎర్రగా వచ్చాయి, సాయంత్రానికి మూడో మెట్టు మునిగింది. ఊరంతా గట్టు మీదే ఉంది.

నిన్న పొద్దున్న ఆరింటికి జున్నుని నవారుతో రోడ్డు మీదకి తీసుకొచ్చాను. ఎదురింటి బాతులు రెండు రేవులోకి దిగుతున్నాయి. జున్ను చూసింది. నా చేతిలోంచి నవారు ఎలా జారిందో తెలియదు. తొక్కుదామంటే కొస అందలేదు. అది మొదటి మెట్టు మీదుంది. పేరు పెట్టి అరవబోయి ఆపుకున్నాను. కాళ్ళు వెంటపడమంటున్నాయి. వెనక్కి తిరిగి ఇంటివైపు రెండడుగులు పరిగెత్తి "తా... యిలం" అన్నాను. గొంతు వణికింది. వెనక్కి చూడలేదు. నవారు సిమెంటు మీద గీరుకుంటున్న చప్పుడు వినపడింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి. పాదం మీద తడి ముక్కు తగిలింది. ముందుకాళ్ళు రెండూ తడిసి ఉన్నాయి.

డబ్బాలో ఉన్న కార్జం మొత్తం ఒక్కొక్కటిగా పెట్టాను, అక్కడే రోడ్డు మధ్యలో కూచుని. పాలబండి అతను ఆగి చుట్టుతిరిగి వెళ్ళాడు.

గేటుకి కింద ఉన్న సందుకి వెదురుతడక కట్టించాం. నవారు తియ్యట్లేదు. నా మణికట్టుకి చుట్టుకునే కొసన ముడి వేశాను. మేస్టారూ, అన్నయ్యగారూ, బాతులున్నప్పుడు కూడా రావాలంటే ఎలా సాధన చేయించాలి?

దొడ్డిగుమ్మం
జూన్ రెండో వారం, రాత్రి

చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి చెల్లెమ్మా. రేపటినుంచి బాతులకి చాలా దూరంగా, అది వాటిని చూసి కూడా ముక్క తినగలిగేంత దూరంలో మొదలుపెట్టు. తినడం మానేసి చూస్తూ ఉండిపోతే దగ్గరైపోయావని గుర్తు, పదడుగులు వెనక్కి జరుగు. అక్కడ నాలుగు రోజులు. తర్వాత రెండడుగులు ముందుకి. ఆ ఎదురింటివాళ్ళు బాతుల్ని ఎన్నింటికి దింపుతారో కనుక్కుని ఆ వేళకే వెళ్ళు. మేస్టారిది అమలాపురంలో చెరువుగట్టు ఇల్లు, ఆయన దగ్గర బాతుల సంగతి ఇంకా ఉంటుంది. మేస్టారూ?

పాత మేస్టారు
జూన్ రెండో వారం, రాత్రి

ఉన్నాను నాయనా. రేపు పొద్దున్న తీరిగ్గా రాస్తాను. అమ్మాయ్, ఈలోగా ఆ ముడి మణికట్టుకి బిగించకు, పిల్ల ఒక్క ఉదుటున లాగితే మెట్ల మీద నువ్వు పడతావు. అరచేతిలో రెండు మడతలు పట్టుకో.